నీళ్ళు తాగే రాయి

నేను రాళ్ళు నాకి చూసే ఉద్యోగిని. ఎగతాళి కాదు, మా వృత్తిలో ఇది పద్ధతే. ఎండిన రాయి తన రంగూ రేఖా దాచుకుంటుంది, తడిపితే బయటపెడుతుంది. అందుకని సీసాతో నీళ్ళు మోసుకెళ్ళే తెలివైనవాళ్ళూ ఉన్నారు గానీ, మిట్టమధ్యాహ్నం గుట్టలెక్కే మనిషి ఆ నీళ్ళు రాయికి పోస్తాడా, తను తాగుతాడా? నాలుకయితే ఎప్పుడూ వెంటే ఉంటుంది. రత్నశిలా పరిరక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో అసిస్టెంట్ జియాలజిస్టుగా చేరినప్పటి నుంచి నేను నాకని గుట్ట ఈ జిల్లాలో లేదు. మా ఆవిడ మాత్రం నేను ఇంటికి రాగానే చెంబుతో నీళ్ళిచ్చి ముందు నోరు పుక్కిలించమంటుంది. టీ ఆ తరువాతే.

శాఖ పేరు చూసి మా జిల్లాలో రత్నాలు రాశులు పోసి ఉన్నాయనుకునేరు. ఉన్నవి నల్లరాయి, నల్లరేగడి, కందిచేలు. శాఖ పుట్టింది మొదలు ఒక్క రత్నం దొరకలేదు. అయినా జాయింట్ డైరెక్టరు త్రిపురారి గారు, ఆయనకొక జీపు, అందరికీ కలిపి అటెండరు ఖాజా, ఖాజాకొక స్టూలు, అన్నీ సక్రమంగా ఉండేవి. రత్నం ఒక్కటే తక్కువ. ఆ లోటు నేను తీర్చాను.

ఎండలు ముదురుతున్న రోజులు. కొత్తగట్టు ఊళ్ళో బసమ్మ అనే రైతు బావి తవ్విస్తోంది. ఉన్న బోరు ఎండిపోయింది. మూడేళ్ళుగా బిందెలతో నీళ్ళు మోసి పెంచిన నిమ్మతోట ఆ ఏడే తొలి కాపుకు వచ్చింది. బావిలో నీళ్ళు పడకపోతే పిందెలే కాదు, చెట్లే పోతాయి. సగం తవ్వేసరికి నల్లరాయి తగిలింది. దాన్ని మందు పెట్టి పేల్చాలంటే అక్కడ రత్నాలు లేవని మా శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎక్కడా ఎప్పుడూ లేవు గనుక కుర్చీలోంచి లేవకుండానే ఇస్తాం. నా ఖర్మ కొద్దీ ఆ రోజు నాకు విధి నిర్వహణ మీద భక్తి పుట్టింది. బస్సెక్కి కొత్తగట్టు వెళ్ళాను, నిచ్చెన వేయించుకుని బావిలోకి దిగాను.

అడుగున, తూర్పు గోడలో, నల్లరాతి మధ్య అరచేయంత తెల్లటి ముద్ద ఒకటి కనిపించింది. గోడకు సున్నం పూసి ఆరబెట్టినట్టుంది. వంగి నాకాను. నాలుక అంటుకుపోయింది.

“సారూ, ఏం జేస్తున్నవు?” పైనుంచి బసమ్మ కేకేసింది.

“ఊఁ,” అన్నాను. అంతకంటే చెప్పడానికి నాలుక నా ఆధీనంలో లేదు.

“సారు రాయిని ముద్దు వెడుతున్నడే అక్కా!” అంది తవ్వే జట్టులో ఒకామె. బావి గట్టంతా నవ్వింది.

బలవంతంగా నాలుక లాక్కున్నాను. కాస్త చర్మం రాతికే వదిలేశాను. అది అంటుకున్న చోట తెల్లదనం పోయి రాయి గాజులా అయింది. ఆ గాజు లోపల ఎర్రనివీ ఆకుపచ్చనివీ మెరుపులు కదిలాయి. పుస్తకాల్లో మాత్రమే చదివిన హైడ్రోఫేన్, నీళ్ళు తాగే ఒపల్ రకం రత్నం, నా ముక్కు ముందు ఉంది. అక్కడితో సంతకం పెట్టి ఇంటికి వస్తే నేను మనిషినే. కానీ నాకొక జబ్బుంది. రాయి గురించి తెలిసింది ఎదుటివాడికి చెప్పకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు.

నిచ్చెనెక్కి గట్టు మీద నిలబడి బసమ్మకూ జట్టుకూ పాఠం మొదలుపెట్టాను. “ఒకప్పుడు ఇక్కడ లావా పారింది. అది గడ్డకట్టేటప్పుడు అందులో గాలిబుడగలున్న చోట గుంటలు మిగిలాయి. ఇసుకలో ఉండే సిలికా కలిసిన నీళ్ళు ఆ గుంటల్లోకి ఊరి, మెల్లగా గట్టిపడి ఒపల్ అయింది. దాని లోపల ఏముంటుందంటే, కంటికి కనబడనంత చిన్న గుండ్లు. ఆవగింజంత చోట వేల కోట్లు పడతాయి. అన్నీ ఒకే సైజు, సంతలో పేర్చిన నిమ్మకాయల్లా వరసలు వరసలుగా ఉంటాయి.”

“నిమ్మకాయలా?” అంది బసమ్మ. అప్పటిదాకా ఆమె నా మాట వింటున్నట్టు లేదు.

“నిమ్మకాయలు పేరిస్తే మధ్యన సందులు మిగలవూ? అలాగే వీటి మధ్యా సందులుంటాయి. ఎండినప్పుడు ఆ సందుల్లో గాలి ఉంటుంది, వెలుతురు లోపలికి పోలేక చెదిరిపోతుంది, అందుకే తెల్లగా మొద్దుగా కనిపిస్తుంది. తడిస్తే సందుల్లోకి నీళ్ళు పోతాయి. వెలుతురు లోపలిదాకా పోయి, వరసలకు తగిలి రంగులై తిరిగి వస్తుంది.”

“అంటే గా రాయి నీళ్ళు తాగుతదా?”

“తాగుతుంది.”

“నా తోట గూడ తాగుతది సారూ. కాయితం ఎప్పుడిస్తవు?”

ఇలాంటి శ్రోతలకు శాస్త్రం చెప్పడం దండగ అనుకున్నాను. గోటంత ముక్క చెక్కించి రుమాల్లో కట్టుకున్నాను. బస్సు దిగేలోపు ఈ రకం ఒపల్‌కు పేరు కూడా పెట్టేశాను. నా పేరు చిదంబరరావు గనుక, చిదంబరైట్.

త్రిపురారి గారు నేను తెచ్చిన ముక్కను పొడిగా చూసి, “ఇది సుద్దముక్కకు సంబంధించినదిగా ప్రాథమికంగా తోచుచున్నది,” అన్నారు. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని డ్రైవరు చెబుతాడు. నేను ఆయన బల్ల మీది గాజుగ్లాసులో ముక్కను వేశాను. తెల్లదనం అంచుల నుంచి కరిగి, మధ్యలో ఎర్రటి మెరుపొకటి తిరిగింది. త్రిపురారి గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అలా లేవడం నేను జెండా వందనానికి తప్ప చూడలేదు.

“రావుగారూ, మన శాఖ ఆవిర్భావ లక్ష్యం నేడు సఫలీకృతమైనది. సమగ్ర నివేదిక సత్వరం సమర్పించుడు,” అని ఫోను దగ్గరకు పరుగెత్తారు.

గ్లాసు నా బల్ల మీదకు తెచ్చుకుని నివేదికకు కూర్చున్నాను. సాయంత్రం కావస్తుండగా తలెత్తి చూస్తే గ్లాసులో ఉత్త నీళ్ళే ఉన్నాయి. వేలు పెడితే అడుగున గట్టిగా తగిలింది. ముక్క ఎక్కడికీ పోలేదు, పూర్తిగా నానిపోయింది, అంతే. ఒక్క సందులో కూడా గాలి లేకుండా నీళ్ళు నిండేసరికి మెరుపులు సైతం సద్దుమణిగి, నీళ్ళలో నీరై కూర్చుంది. కంటికి బొత్తిగా ఆనడం లేదు. ఎంత అద్భుతం! ఈ సంగతి నివేదికలో రాసి, ఎవరికైనా చెబుదామని పక్క సెక్షన్‌కు వెళ్ళాను. అందరూ ఇళ్ళకు పోయారు. తిరిగొచ్చేసరికి గ్లాసు కడిగి బోర్లించి ఉంది.

“ఖాజా, ఇందులో నీళ్ళేవి?”

“ఖాళీ నీళ్ళే గద సాబ్. కిటికీలకెల్లి పారబోసిన.”

కిటికీ కింద కంకర రోడ్డు. చీకటి పడేదాకా మోకాళ్ళ మీద పాకుతూ కంకరంతా తడిమాను, కొంత నాకాను కూడా. దొరకలేదు. రాష్ట్రంలోనే తొలి నమూనాను రోడ్డు మీద పారబోశామని ఏ నివేదికలో రాస్తాం? పూర్తిగా నానితే కనబడదన్న వాక్యం రాస్తే, రుజువేదీ అంటారు. కనుక ఆ వాక్యం కొట్టేశాను. ఎవరికీ చెప్పనని ఖాజా చేత ప్రమాణం చేయించుకున్నాను. ‘ఈ శిల తడిసిన స్థితిలో మాత్రమే రత్నము’ అన్న వాక్యం మాత్రం, కింద గీత గీసి మరీ, ఉంచాను.

ఉత్తర్వు వెంటనే వచ్చింది. రత్నం ఉన్న చోట తవ్వకం ఆపవలెను. రత్నాన్ని కదిలించరాదు, చెక్కరాదు. పైనుంచి నిపుణుల కమిటీ వచ్చేవరకు, రత్నం ఏ స్థితిలో గుర్తించబడినదో ఆ స్థితిలోనే పరిరక్షించవలెను.

బసమ్మ ఆఫీసుకొచ్చింది. త్రిపురారి గారి గది గుమ్మంలో నిలబడి నన్ను చూపిస్తూ, “గీ సారు నాలుక వెట్టినప్పటి సంది నా బాయి ఆగిపోయింది. చెట్ల ఆకులు ముడుసుకుంటున్నయి. నాకు రాయి వద్దు, గీయింత రాయి దీస్కపోయి మీ ఆఫీసుల వెట్టుకోండ్రి,” అంది.

“అమ్మా, కదిలించుటకు నిబంధనలు అనుమతించవు,” అన్నారు త్రిపురారి గారు. “పైగా మీరొక సూక్ష్మమును గమనించవలెను. తడి లేనిచో అది రత్నము కాదు. రత్నము కానిచో మా నిషేధాజ్ఞ చెల్లదు. మా నిషేధాజ్ఞ చెల్లవలెనన్న అది రత్నమై ఉండవలెను. కావున దానిని తడిగా ఉంచుట ఈ శాఖ యొక్క చట్టబద్ధ కర్తవ్యము.”

“ఎండబెడితే బాయి తవ్వుకోవచ్చునా?”

“ఎండబెట్టుట నేరము.”

బసమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు పంకా వైపు చూశాను. అది తిరగడం లేదు, అయినా చూశాను.

మర్నాడే ఖాజాకు తడి సంరక్షకుడిగా అదనపు బాధ్యత అప్పగించారు. గోనెసంచీ తడిపి రాతికి కప్పడం, ఎండిన కొద్దీ చెంబుతో పోయడం అతని పని. కొత్తగట్టులో ఎండ మా ఉత్తర్వు చదవలేదు. సంచీ ఇలా తడిపితే అలా ఆరిపోయేది. చెంబు బిందె అయింది, బిందె డ్రమ్ము అయింది, చివరికి పట్టణం నుంచి రోజూ ఒక ట్యాంకరు పెట్టించారు. ట్యాంకరు ముందు ‘రత్నశిలా తడి సేవ’ అని గుడ్డ కట్టారు. ట్యాంకరు ఊళ్ళోకి రాగానే ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చేవారు. ఊరి కుళాయిలో నీళ్ళు రాక అప్పటికే చాలా కాలమైంది.

“రత్నము నిమిత్తము కేటాయించబడిన జలమును మానవ వినియోగమునకు మళ్ళించరాదు,” అని త్రిపురారి గారు ఒక బోర్డు రాయించి గట్టున పాతించారు. దాని పక్కనే నిలబడి ఖాజా నాలుగు బిందెలు నింపి పంపేవాడు. అతనికి చదువు రాదని అందరం అనుకున్నాం. ఉర్దూ పేపరు మాత్రం రోజూ చదివేవాడు.

నేను? గట్టున గొడుగు వేసుకుని చిదంబరైట్ మీద వ్యాసం రాసుకుంటున్నాను. నా వెనక నిమ్మచెట్లు రోజుకొకటి చొప్పున రంగు మారుతున్నాయి. పైపు బావిలోకి ధారగా పోస్తుంటే, ఆ నీళ్ళు రాతి మీద జారి అడుగు బురదలో ఇంకిపోయేవి. బసమ్మ ఆ బురదను గంపల్లో ఎత్తుకుపోయి చెట్ల మొదళ్ళలో వేసేది. ఒకరోజు నా ముందు గంప దించి, “సారూ, నీకు పిల్లలున్నరా?” అంది.

“ఒక కూతురు. పట్నంలో చదువుతోంది.”

“దానికి దూపయి గొంతెండితే గిట్లనే రాసుకుంట కూసుంటవా?”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ పూట వ్యాసం ఒక్క వాక్యం కూడా సాగలేదు. అయితే మర్నాడు సాగింది. నేను అలాంటి మనిషినే.

కమిటీ రాలేదు గానీ ఒకరోజు త్రిపురారి గారే తనిఖీకి వచ్చారు. ఆ రోజే ట్యాంకరు వంతెన దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. గోనెసంచీ ఎండి, రాయి సుద్దముక్కలా తెల్లబడి కూర్చుంది. త్రిపురారి గారు అది చూసి, “రత్నము రత్నేతరముగా మారినది! ఈ క్షణమున మన శాఖ అస్తిత్వమే ప్రశ్నార్థకమైనది!” అని గట్టు మీద అటూ ఇటూ తిరిగారు. తన వాటర్ బాటిల్ ఖాజాకిచ్చి లోపలికి దింపారు. అది చాలలేదు. నా బాటిల్ కూడా దింపారు.

బసమ్మకు ఒళ్ళు మండింది. “నాలుగు గజాలు తవ్వుకోనిస్తే నీళ్ళు వడి మీ రాయే మునుగుతుండె గద! ట్యాంకరు లేదు, పాడు లేదు. తెలివి ఎవనికన్న అమ్ముకున్నరా?”

నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె మీద కేసు పెడతారనుకున్నాను. త్రిపురారి గారు బావి అడుగుకోసారి, రాతి వైపోసారి చూశారు. తరువాత ఆయన ముఖం వెలిగింది.

“రావుగారూ, నాకొక యోచన తట్టినది,” అన్నారు. “రత్నము చుట్టూ శాశ్వత జలావరణము కల్పించిన ఎట్లుండును? దీనిని శాశ్వత తడి పథకము అందము.”

యోచన తనకే తట్టిందని ఆయన నిజంగానే నమ్మారు. పాతికేళ్ళు ఫైళ్ళ మీద కింది వాళ్ళు రాసిన దాని కింద సంతకం పెట్టి పెట్టి ఆయనకు ఆ అలవాటైంది. నాకు ఆయన మీద మొదటిసారి ప్రేమ కలిగింది.

పథకానికి మంజూరు వచ్చింది. పేలుడు మందు పనికిరాదు గనుక తవ్వే జట్టు గడ్డపారలతో, సుత్తులతో, కంప్రెసరుతో దిగింది. రాతికి దెబ్బ తగలకుండా ఒక మంచం కట్టి దుప్పటి కప్పారు. ఒక మధ్యాహ్నం రాతి నెర్రెలోంచి సన్నటి ఊట చిమ్మింది. జట్టు కేకలు వేసింది. బసమ్మ బావి అంచున కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, ఎందుకో సరిగా తెలియదు. చిదంబరైట్‌కు ఇక ఎండ బాధ లేదని కావచ్చు, నిమ్మచెట్లు బతుకుతాయని కావచ్చు. రెండోదే అని చెప్పుకోవాలని ఉంది.

నీళ్ళు రోజురోజుకూ పైకి లేచి రాతిని ముంచేశాయి. బసమ్మ మోటారు తెచ్చింది. మోటారు తెచ్చిన రోజే మా ఉత్తర్వు కూడా వచ్చింది.

“శాశ్వత తడి పథకము కింద ఏర్పడిన జలమట్టము రత్నము కన్న దిగువకు తగ్గరాదు. కావున సదరు బావి నుండి నీరు తోడుట నిషిద్ధము. మోటారుకు సీలు వేయవలెను.”

సీలు వేసింది ఎవరనుకున్నారు? నేనే. లక్క కరిగించి, స్టార్టరు పెట్టె మీద పోసి, శాఖ ముద్ర వేశాను. బసమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

“బాయి నిండ నీళ్ళున్నయి,” అంది, నిమ్మచెట్టు మీద చెయ్యి వేసి. “గీ చెట్టుకు కనబడుతున్నయి సారూ. దానికి ఏమని జెప్పాలె?”

ఆ వారంలో తూర్పు వరసలో చెట్లు కొన్ని పూర్తిగా ఎండాయి. విరిస్తే పుల్ల టపీమని విరిగేది. పిందెలు నేల మీద నల్లటి గోలీల్లా రాలి ఉండేవి. నేను గొడుగు తీసుకుపోవడం మానేశాను. ఎండలో నిలబడితే పాపం కాస్త తగ్గుతుందేమోనని.

ఆఖరికి రాష్ట్ర నిపుణుల కమిటీ వచ్చింది. చైర్‌పర్సన్ మేడం, ఆమె వెనక నలుగురు సభ్యులు, వాళ్ళ వెనక షామియానా. త్రిపురారి గారు పూలమాలతో, నేను నా వ్యాసం టైపు కాపీలతో నిలబడ్డాం. వ్యాసం మొదటి పేజీలో చిదంబరైట్ అని పెద్ద అక్షరాలు. మేడం బావి అంచుకు వచ్చి కిందికి చూసింది. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి, అడుగుదాకా కనిపిస్తోంది.

“ఎక్కడ?” అంది.

“తూర్పు గోడన, మేడం,” అన్నారు త్రిపురారి గారు వేలు చూపిస్తూ.

తూర్పు గోడన నల్లరాయి ఉంది. అందులో అరచేయంత గుంట ఒకటుంది, గుంట నిండా నీళ్ళున్నాయి. అంతకు మించి ఏమీ లేదు. త్రిపురారి గారి వేలు గాల్లోనే ఉండిపోయింది.

నాకు తెలుసు. ఇన్నాళ్ళు నీళ్ళలో నాని, ఆ రోజు గ్లాసులో ముక్క చేసిన పనే ఇప్పుడు రాయంతా చేసింది. ఉన్నచోటే ఉంది, ఎవరికీ కనబడదు.

ఒక ఈతగాణ్ణి దింపారు. అతను మునిగి, గోడంతా తడిమి పైకి తేలాడు. “ఏముంది?” అని అరిచారు త్రిపురారి గారు.

“రాయి ఉంది సార్.”

“ఏ రాయి?”

“అంతటా రాయే సార్.”

మేడం సభ్యులతో గుసగుసలాడి మా వైపు తిరిగింది. “రత్నం తడి స్థితిలోనే రత్నమని మీ నివేదిక చెబుతోంది. తడి స్థితిలో కమిటీ స్వయంగా పరిశీలించింది. కనబడలేదు. కనబడని రత్నాన్ని పరిరక్షించేందుకు నియమావళిలో ఏర్పాటు లేదు. కాబట్టి నిషేధాజ్ఞకు ఆధారం లేదు.” తరువాత ఆమె చూపు నా మీద ఆగింది. “దీన్ని గుర్తించిన అధికారి మీరేగా? వివరణ ఏమైనా ఉందా?”

వివరణ నాలుక చివరన ఉంది. చిన్న గుండ్లు, వరసలు, సందులు, గాలి, నీళ్ళు, అన్నీ. నీళ్ళు తోడించి రాతిని ఎండనిస్తే చాలు, అందరి కళ్ళ ముందు తెల్లగా లేచి వస్తుంది. మేడం నా భుజం తడుతుంది. చిదంబరైట్ అన్న పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఇన్నేళ్ళు నాకిన గుట్టలన్నిటికీ ఒకేసారి ఫలితం.

ఆ తరువాత కొత్త ఉత్తర్వు వస్తుంది. కనబడేంత తడి ఉండాలి, కనబడనంత తడి ఉండకూడదు. బావి సగం నింపడానికి ఒకరు, సగం తోడడానికి ఒకరు, మధ్యలో సీలు వేయడానికి నేను.

షామియానా గుంజ పక్కన బసమ్మ నిలబడి ఉంది. స్టార్టరు పెట్టెను ఒక చేత్తో పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు. ఆమె కమిటీని చూడడం లేదు. నా నోటి వైపు చూస్తోంది. ఆ నోరు తెరుచుకుంటే ఏమవుతుందో ఈ జిల్లాలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“తెలియదు మేడం,” అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో ఒక రాయి గురించి అడిగినప్పుడు నేను చెప్పకుండా ఉన్నది అదే మొదలు. ఆ వివరణంతా కష్టం మీద మింగాను.

సీలు నేనే పగలగొట్టాను. మోటారు దగ్గి, తుమ్మి, నీళ్ళు చిమ్మింది. బసమ్మ పైపు పట్టుకుని చెట్ల మధ్యకు పరుగెత్తింది. త్రిపురారి గారు జీపులో కూర్చుని నా మీద ఛార్జిమెమో డిక్టేషన్ మొదలుపెట్టారు. “ప్రభుత్వ రత్నమును అదృశ్యమగునట్లు చేసినందులకు” అన్నది నాకు వినిపించింది. నేను పర్మిషన్ అడిగి వెళ్ళి నిమ్మచెట్టు నీడన కూర్చున్నాను. నీడ అంటే పేరుకే, ఆకులు కొన్నే ఉన్నాయి.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నీళ్ళు తోడితే మట్టం తగ్గుతుంది, తగ్గితే రాయి బయటపడుతుంది, ఎండకు ఆరితే మళ్ళీ తెల్లబడుతుంది. ఈ సంగతి ఆలోచించేంత తెలివి జియాలజిస్టుకు ఆ రోజు లేదు. ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. అన్నం సయించలేదు. అప్పటి నుంచి రోజూ ఆఫీసులో ఎవరు తలుపు తీసినా కొత్తగట్టు నుంచి రాయి కనబడిందన్న కబురే అనుకుని ఉలిక్కిపడేవాణ్ణి. ‘సదరు శిల తిరిగి కనిపించిన పక్షంలో తక్షణం తెలియజేయవలెను’ అని నా మెమో చివర రాసి ఉంది.

కొన్నాళ్ళకు బసమ్మే వచ్చింది. నా బల్ల మీద గుడ్డసంచీ పెట్టి విప్పింది. చిన్నవే, తొలి కాపు మిగిల్చిన నిమ్మకాయలు. గదంతా వాసన.

“పడమటి వరస చెట్లు మొత్తం బతికినయి. తూర్పు దిక్కు సగం వోయినయి,” అంది. తరువాత గుమ్మం వైపు చూసింది. ఖాజా లేచి వెళ్ళి తలుపు దగ్గర స్టూలు వేసుకుని, తలుపు మూసి కూర్చున్నాడు. బసమ్మ నా వైపు వంగింది. “నీళ్ళు దిగినయి సారూ. నీ రాయి మళ్ళ తెల్లగ బయటవడ్డది.”

“ఎవరైనా చూశారా?”

“సూడనిస్తనా? ఇంత సిమెంటు కలిపి మెత్తిన. రెండు పూతలు.”

నా ఒపల్. రంగులన్నీ లోపల పెట్టుకున్న, నా పేరు పెట్టుకోవలసిన నా రాయి. సిమెంటులో సున్నం ఉంటుంది, ఒపల్‌కు అది పడదు, లోపలి నుంచి తినేస్తుంది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఈసారి మింగడం కాస్త తేలికైంది.

“సిమెంటు ఎండితే బూడిదరంగుకు వస్తుంది బసమ్మా,” అన్నాను. “నల్లరాతి గోడలో దూరానికే కనబడుతుంది. బొగ్గుపొడి బాగా నూరి కలిపి ఇంకో పూత వెయ్యి. పచ్చిగా ఉండగానే గరుకు రాయితో రుద్దు. అప్పుడు నేనొచ్చి చూసినా కనిపెట్టలేను.”

“నువ్వు నాకి సూస్తే?”

“నాకను.”

ఆమె నవ్వి సంచీ నా వైపు నెట్టింది. నా శాస్త్రం ఒక రైతుకు అక్కరకు వచ్చింది అదే మొదటిసారి. ఒక నిమ్మకాయ కోసి గ్లాసు నీళ్ళలో పిండుకున్నాను. ఖాజా పారబోయకముందే తాగేశాను.